హిందీ చిత్రములు చూపని మెట్లు

హిందీ చలనచిత్రములు మన బిడ్డలకు నేర్పుచున్న పాఠమును గూర్చి మేము కొంత కటువుగానే చెప్పదలచినాము. ఆ చిత్రములలో పేదవాడు పైకి వచ్చుటకు రెండే దారులు: మోసము, లేదా అదృష్టము. ముప్పది యేండ్ల కష్టమను మూడవదారి వాటికి కానరాదు.

1955 నాటి ‘శ్రీ 420’ని చూడుడు. అలహాబాదునుండి బొంబాయి చేరిన పట్టభద్రుడు నిజాయితీకి వచ్చిన పతకమును తాకట్టుపెట్టును. పేకలో చేతివాటము చూపిన పిదపనే సూటు తొడుగును. 1975 నాటి ‘దీవార్’లో రేవుకూలి దొంగరవాణాలో చేరి, తల్లి ఇటుకలు మోసిన మేడనే కొనును. చదువుకొని పోలీసు ఉద్యోగియైన తమ్ముడును అందు కలడు. కాని చప్పట్లు అన్నకే దక్కినవి. చివర శిక్ష పడునందురు. రెండు గంటలు వైభవము చూపి, పది నిమిషములు నీతి చెప్పినచో మనసున నిలుచునది యేది? 2019 నాటి ‘గల్లీ బాయ్’లో ధారావి యువకుడు ర్యాప్ పోటీ గెలిచి పైకి వచ్చును. అది లక్షలో ఒక్కనికి దక్కు భాగ్యము.

నగరమును కట్టినవారి గతి మరియొకటి. బొంబాయిలో రాళ్లు మోసిన తెలుగు కామాఠీల పేరిట కామాఠిపుర వెలసినది. 2022లో వచ్చిన ‘గంగూబాయి కాఠియావాడి’ ఆ వీధులలోనే నడచినది. ఆ కూలీల కథ మాత్రము అందు లేదు. ‘శ్రీ 420’లో పేదలు వీధిలో పాడు పాట తెలుగు మాటలతోనే మొదలగును. మన మాటకు చోటు దొరికినది గాని మన మనిషికి దొరకలేదు.

మన యిండ్లలో జరిగినదేమి? తాత మిల్లులో మగ్గము నడపెను. తండ్రి రాత్రిబడిలో చదివి గుమాస్తా అయ్యెను. మనుమరాలు వైద్యురాలైనది. 1982లో ఆరంభమైన మిల్లుల సమ్మెలో జీతములు పోయిన కుటుంబములు మరల మొదటి మెట్టునుండి ఎక్కినవి. ఇందు కథ లేదా?

వినోదమునకు ఇవి పనికిరావనుట సాకు మాత్రమే. 1953లో ‘దో బీఘా జమీన్’ అప్పు తీర్చుటకై కలకత్తాలో రిక్షా లాగిన రైతును చూపెను. 1972లో ‘పియా కా ఘర్’ చాలులోని ఇరుకు కాపురముతోనే నవ్వించెను. చేతగాక కాదు, చేయ నొల్లకయే మానినారు.

దీనివలన నష్టము మనకే. నెలజీతముతో ఇల్లు గడపిన తండ్రి బిడ్డకంటికి ఓడినవాడుగా తోచును. చిత్రములు చూడవలదని మేమనము. చూచివచ్చిన రాత్రి మన యింటి లెక్కయు బిడ్డలకు చెప్పుడు: ఏ యేట గది దొరికెను, ఏ యేట అప్పు తీరెను, ఎవరి గాజులు అమ్మి ఎవరి చదువు సాగెను. ఆ లెక్క మనము చెప్పనిచో చెప్పువారు వేరెవ్వరును లేరు.