ఆపే తేదీ లేని నొప్పి బిళ్ళ

బరువు తగ్గే ఆపరేషన్ టాపిక్ వస్తే మన ఇళ్లలో రెండే ప్రశ్నలు: ఎన్ని కిలోలు తగ్గారు, ఎంత ఖర్చయింది. నొప్పి బిళ్ళ ఎప్పుడు ఆపేశారని మాత్రం ఎవరూ అడగరు. అందరూ అడగాల్సింది అదేనని నా అభిప్రాయం.

మొవ్వలో ఉండే మా పెద్దమ్మకి మూడేళ్ల క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. బాగా బరువు తగ్గింది, షుగర్ కంట్రోల్‌లోకి వచ్చింది. ఆ ఆపరేషన్ ఆవిడకి మంచే చేసింది, అందులో డౌట్ లేదు. కానీ మోకాళ్ల నొప్పులు పూర్తిగా పోలేదు. డిశ్చార్జ్ రోజు రాసిచ్చిన ట్రమడాల్, పారాసెటమాల్ కలిపిన బిళ్ళ ఇప్పటికీ వేసుకుంటూనే ఉంది. చీటీ పాతదే. మందుల షాపులో తెలిసినవాళ్లే కాబట్టి అడగ్గానే స్ట్రిప్ ఇచ్చేస్తారు. ఎందుకు పెద్దమ్మా అంటే, "అది లేకపోతే నిద్ర పట్టట్లేదు నాన్నా" అంటుంది.

ట్రమడాల్ మామూలు నొప్పి బిళ్ళ కాదు, ఓపియాయిడ్. మార్ఫిన్ పనిచేసే చోటే మెదడులో ఇదీ పనిచేస్తుంది. మరి బైపాస్ అయినవాళ్లకి ఇదెందుకు రాస్తారు? డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వాడితే కడుపునీ పేగునీ కలిపి కుట్టిన చోట పుండ్లు పడే ప్రమాదం ఉంది. అందుకే వాటికి దూరంగా ఉండమంటారు. ఆ సలహా కరెక్టే. కానీ పారాసెటమాల్‌కి తగ్గని నొప్పికి ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు లేకపోతే, పేషెంట్ చేతిలో మిగిలేది ట్రమడాలే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది. ఆపరేషన్‌కి ముందే ఓపియాయిడ్లు దీర్ఘకాలంగా వాడుతున్నవాళ్లలో 77 శాతం మంది ఆపరేషన్ తర్వాతి ఏడాదిలో కూడా అలాగే వాడుతున్నారు. 2017లో వచ్చిన ఇంకో అమెరికా స్టడీ పేషెంట్లని ఏడేళ్లు ఫాలో అయింది. ఆపరేషన్‌కి ముందు డాక్టర్ రాసిన ఓపియాయిడ్ వాడేవాళ్లు 14.7 శాతం. ఆరు నెలలకి 12.9కి తగ్గింది. ఏడో ఏడాదికి 20.3కి పెరిగింది. బరువు తగ్గితే నొప్పి తగ్గుతుంది, బిళ్ళ దానంతట అదే ఆగుతుంది అనుకోవడం సరిపోదన్నమాట.

పైగా చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు నొప్పులు, చెమటలు, నిద్ర లేకపోవడం, గాభరా మొదలవుతాయి. పేషెంటేమో పాత నొప్పి తిరగబెట్టిందనుకుని మళ్లీ బిళ్ళ వేసుకుంటారు. మన భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ రాయని వైల్ లూప్. ఆ లూప్‌లో ఇరుక్కున్న మనిషిని బలహీనురాలు అనడం అన్యాయం.

చట్టం లేక కాదు. ట్రమడాల్ హెచ్1 షెడ్యూల్‌లో ఉంది. షాపువాళ్లు డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. 2018లో దాన్ని ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి కూడా తెచ్చారు. 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ పేరుతో మన రాష్ట్రంలో మెడికల్ షాపుల మీద తనిఖీలు జరిగాయి. తనిఖీలు కావాల్సిందే. కానీ మా పెద్దమ్మ లాంటివాళ్ల సమస్య పోలీసులతో తీరదు.

అలాగని ఈ మందులే వద్దనను. క్యాన్సర్ నొప్పితో ఉన్నవాళ్లకి మార్ఫిన్ దొరకడం కష్టమైపోయిందనే 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించారు. భయపడి అన్నీ ఆపేస్తే నిజమైన నొప్పి ఉన్నవాళ్లే నలిగిపోతారు.

నేను అడిగేది చిన్న విషయం. డిశ్చార్జ్ కాగితం మీద నొప్పి బిళ్ళ పక్కన ఆపే తేదీ రాయాలి. ఆ తేదీకి నొప్పి తగ్గకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఫిజియోథెరపీ ఎక్కడ చేయించుకోవాలో కూడా అక్కడే రాయాలి. తర్వాతి చెకప్‌లో బరువుతో పాటు బిళ్ళల లెక్కా అడగాలి.

మన వంతు కూడా ఉంది. ఈసారి ఇంటికెళ్లినప్పుడు మందుల డబ్బా తెరిచి స్ట్రిప్ వెనక పేరు చదవండి. ఇంగ్లీష్‌లో ఉన్న ఆ చిన్న అక్షరాలు మన అమ్మలు, పెద్దమ్మలు చదవలేకపోవచ్చు, మనం చదవగలం. ట్రమడాల్ అని కనిపిస్తే లాక్కుని పారేయకండి, తిట్టకండి. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లి, మెల్లమెల్లగా ఎలా తగ్గించాలో అడగండి. ఎవరిని అడగాలో తోచకపోతే 14446కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు.