మన ఊరికి విశ్వవిద్యాలయం ఏమవుతుంది?

సాంఘికశాస్త్రం పుస్తకంలో గ్రామసభ గురించి మీరు చదివే ఉంటారు. దాని విధులేవి అని పరీక్షలో అడిగితే గడగడా రాసేస్తారు కూడా. మరి మీలో ఎంతమంది గ్రామసభ జరుగుతుండగా చూశారు? 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అది రెండు నెలలకొకసారి జరగాలి. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యులే. అంటే మీ అమ్మ, మీ నాయన, పక్కింటి అవ్వ, అందరూనన్నమాట. సైకిలు తొక్కడం మీద వ్యాసం రాసి పదికి పది తెచ్చుకున్నంత మాత్రాన సైకిలు తొక్కడం వచ్చినట్టేనా? మన పౌరశాస్త్రం చదువు ఇప్పుడు ఆ తీరుగానే ఉంది.

ఈ లోటు తీర్చడం బడి ఒక్కదానివల్ల అయ్యేది కాదు. విశ్వవిద్యాలయం చెయ్యి కలపాలని నేనంటాను.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లిలో చదువుకునే పిల్లలనే తీసుకుందాం. పరకాల మీదుగా బస్సెక్కితే వాళ్లు హనుమకొండ చేరుకుంటారు. అక్కడుంది కాకతీయ విశ్వవిద్యాలయం. మొదట ఉస్మానియాకు చెందిన పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రంగా ఉండి, 1976లో విశ్వవిద్యాలయమైంది. ఆ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆచార్య జయశంకర్ ఒకప్పుడు ఈ విశ్వవిద్యాలయానికే ఉపకులపతి. ఇంకో సంగతి. ప్రతి పౌరుడూ శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించి తెలుసుకునే గుణాన్ని పెంచుకోవాలన్న విధి మన రాజ్యాంగంలో చేరింది కూడా 1976లో చేసిన 42వ సవరణతోనే. విశ్వవిద్యాలయానికీ, ఆ విధికీ ఒకటే వయసు!

బోధన, పరిశోధన కాక, చుట్టుపక్కల ప్రజలకు ఉపయోగపడడం విశ్వవిద్యాలయాల మూడో బాధ్యత అని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 1977లోనే చెప్పింది. అంతకుముందే 1969లో, 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. ఆ పథకం కింద కాలేజీ విద్యార్థులు ఏదో ఒక ఊళ్లో ఏడు రోజులు మకాం వేస్తారు. వీధులు ఊడుస్తారు, మొక్కలు నాటుతారు, చివరి రోజు సభ పెట్టి వెళ్లిపోతారు. వాళ్ల శ్రమను నేను తక్కువ చేయను. కాని వీధి ఊడ్చే పని ఊరివాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఊళ్లో లేనిదీ, విశ్వవిద్యాలయంలో ఉన్నదీ ఒకటుంది. అది కొలిచే విద్య.

తాగే నీటి సంగతి చూడండి. గ్లాసులో నీళ్లు తేటగా ఉన్నాయి, రుచిగా ఉన్నాయి. అందులో ఫ్లోరైడు ఎక్కువుంటే మీ నాలుక పట్టగలదా? పట్టలేదు. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును మొదటిసారి 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. అప్పటిదాకా వంగిన కాళ్లకూ, బావినీళ్లకూ సంబంధం ఉందని ఎవరూ శాస్త్రీయంగా తేల్చలేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. లీటరు నీటి బరువు 10 లక్షల మిల్లీగ్రాములు. అందులో ఒకటిన్నర ఎంతో ఊహించుకోండి! అలాగే ఎరువులనుంచీ, పెంటకుప్పలనుంచీ ఇంకే నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. మొగుళ్లపల్లి నీళ్లలో ఇవి ఎక్కువున్నాయని నేననడం లేదు. కొలిస్తేగాని ఏ ఊరి సంగతీ తెలియదు.

కొలవడానికి ఒక పద్ధతుంది. బోరు కాసేపు కొట్టి, పైపులో నిలవ ఉన్న నీరు పోనివ్వాలి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడగాలి. ఫ్లోరైడుకైతే గాజుసీసా పనికిరాదు, ప్లాస్టిక్ సీసా కావాలి. ఎందుకంటే ఫ్లోరైడు గాజుతో కలవగలదు. సీసా మీద చోటు, తేదీ, వేళ రాయాలి. వానలు వెలిశాక ఒకసారి, నడి వేసవిలో ఒకసారి తీయాలి. ఇదంతా తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలరు. ప్రయోగశాల మాత్రం విశ్వవిద్యాలయం ఇవ్వాలి. ఒక ఏడాది వచ్చిన విద్యార్థులు తమ లెక్కల పుస్తకం మరుసటి ఏడాది వచ్చేవాళ్లకు అప్పగించాలి, దాని నకలు బడిలో ఉంచాలి.

"ఇది రసాయనశాస్త్రం కదా, పౌరశాస్త్రం ఎట్లా అవుతుంది?" అని మీరడగవచ్చు. ఒక బోరులో ఫ్లోరైడు 2 అని తేలిందనుకోండి. ఆ బోరు మూయాలా? నల్లా నీళ్లు ముందు ఏ వాడకు రావాలి? డబ్బు ఏ పద్దులోంచి తీయాలి? ఇవి పరీక్షనాళిక చెప్పలేని జవాబులు. ఎంత పెద్ద ఆచార్యుడైనా ఊరి తరఫున తేల్చేయకూడదు. అవి గ్రామసభలో తేలాలి. మీకు 18 ఏళ్లు నిండలేదు కాబట్టి అక్కడ మీకు ఓటు లేదు. మీ అమ్మకుంది. కాగితం ఆమె చేతిలో పెట్టి, అందులోని అంకెల అర్థం చెప్పగలిగేది మీరే. పంచాయతీ లెక్క తెలియకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇలాంటి చదువుకు ఎంత బలముందో మన తెలుగునాట ఒకసారి రుజువైంది. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో ఆడవాళ్లు చదివిన పాఠాలు తమ ఇళ్లలోని సారా బాధ గురించే. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. అది విశ్వవిద్యాలయం నడిపిన పని కాదు, నిజమే. విశ్వవిద్యాలయాలు నేర్చుకోవలసిన పని. లండన్‌లో 1884లోనే టాయిన్‌బీ హాల్ అనే ఇల్లు కట్టి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి చదువరులు పేదల పేటలో కాపురముండి, అక్కడివారికి పాఠాలు చెబుతూ వాళ్ల బతుకులు తెలుసుకున్నారు.

బడిలోకి రాజకీయాలు వస్తాయని కొందరు పెద్దలు జంకుతారు. బోరు నీళ్లు కొలవడానికి ఏ పార్టీ జెండా కావాలి? పరీక్షల పనితోనే తీరడం లేదనే అధ్యాపకుల మాటలో మాత్రం కొంత న్యాయముంది. అందుకే ఈ పనిని వాళ్ల విద్యార్థులకు మార్కులొచ్చే ప్రాజెక్టుగా పెట్టాలి. అప్పుడు అది ఒకరి మంచితనం మీద ఆధారపడదు.

మీ బడి నుంచి రసాయనశాస్త్ర శాఖకు ఉత్తరం రాస్తే, "మా ఊరొచ్చి ఉపన్యాసమివ్వండి" అని రాయకండి. ఊళ్లో ఎన్ని బోర్లున్నాయి, లోతెంత, ఏవి తాగేందుకు వాడుతున్నారు, ఏ నెలలో ఎండిపోతాయి, ఇవి రాయండి. ఊరి పటం గీసి జతచేయండి. హెడ్మాస్టరు గారి సంతకం తీసుకోండి. జవాబొచ్చేలోగా, వచ్చే గ్రామసభ ఏ తేదీనో పంచాయతీ కార్యదర్శి గారిని అడిగి బడి బోర్డు మీద రాసిపెట్టండి.