ఈ ఉదయం కూడా పిలుపే

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచినవారు రక్షణ పొందిన ఏడాదినీ, బాప్తిస్మం తీసుకున్న కాలువనూ మరచిపోకుండా చెబుతారు. వినడానికి బాగుంటుంది. అయితే ఆ రోజుతో మారుమనస్సు ముగిసిపోయిందనుకుంటేనే చిక్కు. 1517లో మార్టిన్ లూథర్ రాసిన 95 సిద్ధాంతాల్లో మొట్టమొదటిదే విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమేనంటుంది. సిలువ ఎత్తుకొని వెంబడించమన్న ప్రభువు మాటను మత్తయి, మార్కు కూడా రాశారు, కానీ ‘ప్రతిదినం’ అన్నది లూకా ఒక్కడే చేర్చాడు. రోజూ మారాలంటే భారంగా తోస్తుంది నిజమే, పైగా శ్రమల దినాలు రాగానే మొహాలు వేలాడేయడం మనకు అలవాటైపోయింది. కానీ అదే లూకా సువార్తలో జక్కయ్యను చూడండి. యెరికోలో సుంకరుల పెద్ద, ఊరంతా ఈసడించుకున్నవాడు. యేసు పిలవగానే మేడిచెట్టు గబగబా దిగి, సంతోషంగా ఇంటికి తీసుకెళ్లాడు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నదీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నదీ ఆ తర్వాతి మాటలు. ముందు ఆనందం, దాని వెనకే దిద్దుబాటు. యేసు అడిగినా ఆస్తిని వదులుకోలేని మరో ధనికుడేమో దిగులుగా వెళ్లిపోయాడు. కాబట్టి దుఃఖం మారినందుకు రాలేదు, మారనందుకే వచ్చింది. బాప్తిస్మం ఎన్నేళ్ల కిందటిదైనా సరే, ఈరోజు ఎవరికి బాకీ ఉన్నామో, ఎవరితో మాట్లాడటం మానేశామో వారి దగ్గరికి సంతోషంగా వెళ్దాం. సాక్ష్యం చెప్పేటప్పుడు పాత తేదీతో పాటు ఈ వారం దేవుడు మనలో ఏం మార్చాడో కూడా చెబుదాం.