సీటు వచ్చింది సరే, హిసాబ్ రాశారా?



నికాహ్ రోజు మెహర్ ఎంతో ఖాజీ సాబ్ అందరి ముందూ అడుగుతారు. ఐదు వేలైనా యాభై వేలైనా గవాహీల ముందు కాగితం మీద రాయిస్తారు. అదే ఇంట్లో బేటాకో బేటీకో కాలేజీ సీటు వస్తే మాత్రం లక్షల వ్యవహారం "గవర్నమెంటే కడుతుందంట", "స్కాలర్‌షిప్ వస్తుందంట" అన్న మాటల మీద నడిచిపోతుంది. ఆ "అంట" ఖరీదు రెండో ఏడాదిలో తెలుస్తుంది. అప్పుడు అమ్మీ జేవర్ తాకట్టుకు పోతుంది.

తాలీమ్ కోసం కర్జా చేయడం కంటే, ఎంత కర్జానో తెలియకుండా చేయడం పెద్ద ముసీబత్. ఈరోజు నా మాట అంతా దీని గురించే.

ఏ చదువుకైనా మూడు అంకెలుంటాయి. కాలేజీ చెప్పే ఫీజు ఒకటి. బయటి నుంచి వచ్చే, తిరిగి కట్టక్కర్లేని మదద్ రెండోది. మొదటి దానిలోంచి రెండోది తీసేసి, హాస్టల్, తిండి, బస్సు, పరీక్ష ఫీజులు కలిపితే మన జేబులోంచి పోయేది మూడోది. మొదటి అంకె చూసి భయపడతాం, రెండో అంకె చూసి ఖుష్ అవుతాం. మూడోది రాసుకునే ఇళ్లు తక్కువ.

ఇంజనీరింగ్ సంగతే చూడండి. తెలంగాణలో పదివేల లోపు ర్యాంకు రాని మన పిల్లలకు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35 వేలే. ఫీజు 1,20,000 ఉన్న కాలేజీ అనుకుందాం. మిగిలిన 85 వేలు మనవే. హాస్టల్, తిండి, మిగతావి కలిపి ఏడాదికి 80 వేలు వేసుకోండి. మొత్తం 1,65,000. నాలుగేళ్లకు 6,60,000. "ఫీజు గవర్నమెంటు కడుతుంది" అని చేరిన చదువు ఇది! అదీ కన్వీనర్ కోటా అయితేనే. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఆ 35 వేలు కూడా రావు. పైగా సర్కారు డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. ఆంధ్రలో ఒకప్పుడు విద్యా దీవెన డబ్బు తల్లుల ఖాతాలో పడేది, ప్రభుత్వం మారాక పద్ధతీ మారింది. నాలుగేళ్ల చదువును ఒక ఏడాది జీవో మీద నమ్మి కూర్చోకూడదు.

ఇక విదేశీ చదువు. ఇక్కడ "ఎయిడ్" అనే మాట చాలా ధోకా పెడుతుంది. గ్రాంటు, ఫీజు మాఫీ, యూనివర్సిటీలో పని చేస్తే ఇచ్చే జీతం, బ్యాంకు లోన్... అన్నిటినీ ఒకే సంచిలో వేసి ఎయిడ్ అంటారు. మొదటి రెండే నిజమైన మదద్. మూడోది మెహనత్‌కు ఉజ్రత్. నాలుగోది కర్జా. అమెరికా యూనివర్సిటీ నుంచి ఉత్తరం వస్తే ఒక్కో అంకె పక్కన "తిరిగి కట్టాలా?" అని రాసి చూడండి, సగం మబ్బు విడిపోతుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం అక్కడి విద్యార్థులకిచ్చే గ్రాంట్లు, లోన్లు మన స్టూడెంట్ వీసా పిల్లలకు రావు. ఐ-20 కాగితం మీద ఏడాది ఖర్చు అంచనా ఉంటుంది. ఎంఎస్ రెండేళ్లయితే రెండో ఏడాదీ లెక్కలో వేయాలి, అదీ అప్పటి డాలర్ రేటు మీద. పార్ట్‌టైమ్ ఆశా పెట్టుకోకండి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకే ఇజాజత్.

తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ పిల్లలకిచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మంచిదే. 20 లక్షలు, తిరిగి కట్టక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షలు దాటకూడదు. కానీ అది రెండు కిస్తీలుగా వస్తుంది. మొదటిది అక్కడ దిగాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. అంటే వీసాకు చూపించే డబ్బు, మొదటి ఫీజు, గది అడ్వాన్సు మనమే తేవాలి. అలాగే విదేశీ చదువు లోన్ల మీద సూద్ భారం తగ్గించే కేంద్రం పథకం 'పఢో పరదేశ్' 2022-23 నుంచి బంద్ అయింది. దాని పేరు ఎవరైనా చెబితే నమ్మకండి.

లోన్ తీసుకుంటే ఏమవుతుందో ఒక మిసాల్. 20 లక్షలు, 11 శాతం. రెండేళ్ల చదువు, ఇంకో ఏడాది గడువు. మొత్తం మొదట్లోనే తీసుకున్నారనుకుంటే ఏడాదికి 2,20,000 చొప్పున మూడేళ్లకు 6,60,000 సూద్. మొదటి కిస్తీ కట్టకముందే అసలు 26,60,000 అయి కూర్చుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 36,600. మొత్తం కట్టేది దాదాపు 44 లక్షలు. తీసుకున్నది 20! విదేశీ చదువుకు పెద్ద మొత్తమైతే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఇల్లో ప్లాటో తనఖా అడుగుతాయి. అక్కడ ఉద్యోగం దొరకకపోతే ఇక్కడ అబ్బా ఇల్లు ప్రమాదంలో పడుతుంది.

ఈ లోన్ జాయజా కాదా అని ఫత్వా ఇవ్వడానికి నేను ముఫ్తీని కాను. సూద్ హరామ్ అన్నదాంట్లో ఎవరికీ షక్ లేదు. కానీ ఆలిమ్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ హిసాబ్ కాగితం కూడా తీసుకెళ్లండి. జరూరత్ ఎంత, వేరే దారులేమిటి అని చూపించకుండా అడిగే సవాల్ అధూరా సవాల్.

ఇంకో మాట చేదుగా ఉన్నా చెప్పాలి. బేటా అమెరికా వెళ్తానంటే సూద్ సంగతి మెల్లగా మాట్లాడతాం. బేటీ ఎంబీబీఎస్ అంటే గొంతు పెంచి "అస్తగ్‌ఫిరుల్లాహ్" అంటాం. వలీమాకు, జోడే కీ రఖంకు తెచ్చిన అప్పు మీద మాత్రం ఎవరూ హదీసు చదవరు. హరామ్ అయితే అందరికీ హరామే. హిసాబ్ రాస్తే ఇద్దరికీ ఒకే కాగితం మీద రాయండి.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది కర్జాను రాసిపెట్టుకోవడం గురించి, గవాహీల గురించి. కర్జ్ మిగిల్చి చనిపోయిన ఒక మనిషి జనాజా వస్తే ప్రవక్త (స.అ.స.) తాను నమాజ్ చదివించకుండా ఆగారు. అబూ ఖతాదా (రజి.) ఆ కర్జ్ నేను తీరుస్తానన్నాకే చదివించారు. ఈ సంఘటనలో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. కర్జ్ తేలిక సంగతి కాదు. దాన్ని పక్కవాడు భుజాన వేసుకోవడం జమాత్ పని.

అందుకే నా ఫిర్యాదు మస్జిద్ కమిటీల మీద కూడా. సూరె తౌబాలో జకాత్ హఖ్‌దారుల ఎనిమిది రకాల్లో కర్జ్‌లో మునిగినవాళ్లూ ఉన్నారు. రమజాన్‌లో చీరలు, రేషన్ పంచుతాం, మంచిదే. ముస్తహఖ్ అయిన పిల్లల ఒక సెమిస్టర్ ఫీజు ఎందుకు కట్టకూడదు? జకాత్ వర్తించని ఇళ్లకు కర్జె హసనా ఫండ్ ఎందుకు ఉండకూడదు? మొదటి కిస్తీ వచ్చేదాకా ఆరు నెలలు సర్దితే చాలు, ఒక ఇల్లు సూద్ నుంచి బచాయిస్తుంది. ఉద్యోగాల్లో స్థిరపడిన మన పిల్లలు నెలకు వెయ్యి వేసినా అది నడుస్తుంది. జూన్‌లో ఒక జుమా తర్వాత లెక్కలు తెలిసిన ఒక టీచర్‌ను కూర్చోబెట్టి ఇంటర్ పాసైన పిల్లలకు ఈ మూడు అంకెలు రాయించినా చాలు, దానికి పైసా ఖర్చు లేదు.

అడ్మిషన్ కట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మొత్తం చదువుకు అయ్యే ఖర్చు, తిరిగి కట్టక్కర్లేని మదద్, అది ఏ నెలలో చేతికొస్తుంది, మిగిలింది ఎక్కడి నుంచి, చదువు అయ్యాక నెలకు ఎంత కట్టాలి. ఐదు వరసలు. కింద అమ్మీ, అబ్బా, చదివే పిల్ల లేదా పిల్లాడు ముగ్గురూ దస్తఖత్ పెట్టండి. ఆ కాగితం చూసి వేరే కాలేజీ ఎంచుకుంటే అందులో బేఇజ్జతీ ఏమీ లేదు.

అల్లాహ్ మన పిల్లల ఇల్మ్‌లో బర్కత్ ఇచ్చి, మన ఇళ్లను కర్జ్ బోఝ్ నుంచి కాపాడాలి. ఆమీన్.