బ్యాటరీకి లెక్క ఉన్నది, శరీరానికి లేదా?

“బ్యాటరీ సైకిలు తొక్కడం వ్యాయామం ఎట్లా అవుతుందండీ? మోటారు పనిచేస్తుంది, మనం కూర్చుంటాం. దానికంటే స్కూటరు మేలు కదా!”

నాతోపాటు చాలాకాలం పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక వైద్యమిత్రుడు మొన్న ఉదయపు నడకలో అన్న మాట ఇది. మామూలు మనిషి అంటే నవ్వి ఊరుకునేవాడిని. వైద్యుడు అన్నాడు కనుక ఊరుకోలేకపోతున్నాను. ఈ మాట నమ్మి, మోకాళ్ళు అరిగి నడవలేక, మామూలు సైకిలు తొక్కే శక్తి లేక, ఉన్న ఒక్క దారినీ వదులుకొని కుర్చీకి అతుక్కుపోయిన రోగులను నేను ఎరుగుదును.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. పెడల్ అసిస్ట్ ఉన్న సైకిలులో మనం తొక్కితేనే మోటారు కదులుతుంది, కాలు ఆపితే అదీ ఆగుతుంది. మన శ్రమకు అది తోడు మాత్రమే. ఐరోపా దేశాలలో ఈ తరగతి సైకిళ్ళ మోటారు 250 వాట్లకు మించరాదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు చేరగానే సాయం ఆగిపోవాలి. మన దేశంలోనూ దాదాపు ఇదే హద్దులో ఉన్నవాటికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర లేదు. అయితే మన అంగళ్ళలో అమ్మే చాలా సైకిళ్ళకు స్కూటరుకున్నట్టు చేతితో తిప్పే థ్రాటిల్ కూడా ఉంటుంది. రోజంతా దాన్నే తిప్పుకుంటూ పోయేవారి విషయంలో మాత్రం మా మిత్రుడి మాట నిజమే. అది వ్యాయామం కాదు.

తొక్కేవారి సంగతి వేరు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వ్యాయామం అలవాటు లేని 20 మంది వారానికి కనీసం 3 రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున నెలరోజులు ఇటువంటి సైకిలు తొక్కారు. వారిలో గ్లూకోజు ద్రావణం తాగిన రెండు గంటల తరువాత చూసే చక్కెర తగ్గింది, శరీరం ఆక్సిజన్‌ను వినియోగించుకునే సామర్థ్యం పెరిగింది. ఇరవై మందితో చేసిన చిన్న అధ్యయనమే, కాదనను. కాని 2019లో ఐరోపాలోని ఏడు నగరాలవారిని పరిశీలించి ప్రచురించిన మరొక అధ్యయనం, బ్యాటరీ సైకిలువారి మొత్తం శారీరక శ్రమ మామూలు సైకిలువారి శ్రమకు ఇంచుమించు సమానమని తేల్చింది. కారణం తేలిక. ఒక్కో కిలోమీటరుకు శ్రమ తక్కువ, కాని వారు తొక్కే కిలోమీటర్లు ఎక్కువ. 2023లో జర్మనీలో మామూలు సైకిళ్ళకంటే బ్యాటరీ సైకిళ్ళే ఎక్కువ అమ్ముడయ్యాయి. వారందరినీ బద్ధకస్తులని అందామా?

ఇంతవరకు మా మిత్రుడితో తగాదా. అసలు తగాదా ఇంకొకరితో ఉన్నది, అందులో ముద్దాయిని నేనే.

బ్యాటరీ సైకిలు మీద నాలుగైదు రోజుల యాత్రకు పోవాలనుకునేవారికి సలహాలు ఇచ్చేవారు ఇప్పుడు బోలెడుమంది. వీడియోలు చూడండి. ఏ బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది, ఛార్జింగు ఎక్కడ దొరుకుతుంది, పంక్చరు సామాను ఏది కొనాలి, ఫోను ఎక్కడ బిగించాలి, కెమెరా ఎక్కడ తగిలించాలి అన్నీ చెబుతారు. సైకిలు మీద కూర్చునే మనిషిని గురించి ఒక్క ముక్క ఉండదు. అతనికి ఎన్నేళ్ళు, ఏ మందులు వాడుతున్నాడు, రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు, గుండెలో స్టెంటు ఉందా, కాళ్ళకు స్పర్శ ఉందా, ఎవరూ అడగరు. ఇరవై అయిదేళ్ళవాడు తనకోసం చేసుకున్న ప్రణాళికను అరవై అయిదేళ్ళవాడు అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాడు. ఈ సైకిళ్ళు కొని దూరం పోవాలని ఉబలాటపడే వారిలో పెద్దవయసువారు తక్కువేమీ కారు!

నేను చేసినదీ అంతకంటే గొప్పగా లేదు. రెండేళ్ళ క్రితం సంక్రాంతి రద్దీ తగ్గాక నేనూ, నా మిత్రులు ఒక విశ్రాంత లెక్కల మాస్టారూ గోదావరి డెల్టాలో నాలుగు రోజుల యాత్ర పెట్టుకున్నాం. రాజమహేంద్రవరంలో బయలుదేరి, ధవళేశ్వరం, కడియం పూలతోటల మీదుగా జొన్నాడ చేరి, గౌతమి వంతెన దాటి మొదటి రాత్రి రావులపాలెం. రెండో రాత్రి అమలాపురం, మూడోది రాజోలు, నాలుగోనాడు అంతర్వేదిలో సముద్రం. తిరుగు ప్రయాణం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురానికి. ఎత్తుపల్లాలు లేని నేల, కాలువల వెంట చెట్ల నీడ, అడుగడుగునా టీ కొట్టు. వయసు మళ్ళినవారికి ఇంతకంటే అనువైన దారి తెలుగునాట అరుదు.

మాస్టారు లెక్కల మనిషి కదా, బ్యాటరీ లెక్క అద్భుతంగా వేశారు. 36 వోల్టులను 10 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 360 వాట్ అవర్లు. మితమైన సాయంతో కిలోమీటరుకు సుమారు 10 ఖర్చవుతుందనుకుంటే 36 కిలోమీటర్లు. అమ్మినవాడు చెప్పిన దూరం దీనికి రెట్టింపు! అందులో పావువంతు మిగులుగా ఉంచుకుంటే నమ్మదగినది 27. కనుక మధ్యాహ్నం భోజనం దగ్గర రెండు గంటలు ఛార్జింగు పెట్టాలి. 2 ఆంపియర్ల ఛార్జరు రెండు గంటలలో 4 ఆంపియర్ అవర్లు నింపుతుంది. సముద్రం వైపు పోతున్నాం కనుక మధ్యాహ్నం ఎదురుగాలి ఉంటుంది, ఖర్చు పెరుగుతుంది, కనుక ఎక్కువ దూరం పొద్దున్నే పోవాలి. కాగితం మీద ఒక్క తప్పు లేదు. రావులపాలెం చేరేసరికి ఆయన బ్యాటరీలో లెక్క ప్రకారం మిగలవలసినంతా మిగిలింది.

ఆ రాత్రి రెండున్నరకు ఏదో గొణుగుడు వినిపించి లేచాను. మాస్టారు మంచం అంచున కూర్చొని ఉన్నారు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. “మాస్టారూ, ఏమయింది?” అంటే నన్ను గుర్తుపట్టక, తరగతిలో పిల్లవాడిని గదమాయించినట్టు ఏదో అన్నారు. గ్లూకోమీటరు 46 చూపించింది.

ఆయన వాడేది గ్లిమిపిరైడ్. క్లోమాన్ని ఒత్తిడిపెట్టి ఇన్సులిన్ విడుదల చేయించే మందు. తిన్నా తినకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. పగలంతా తొక్కిన కండరాలు రాత్రంతా, ఒక్కోసారి మరునాడు కూడా, రక్తంలోని చక్కెరను మామూలుకంటే ఎక్కువగా పీల్చుకుంటాయి. పైగా అలసటతో ఆయన రాత్రి భోజనం సగంలో వదిలేసి, మాత్ర మాత్రం క్రమం తప్పక వేసుకున్నారు. మూడూ కలిశాయి. నేను పక్క మంచం మీద నిద్రపోతున్నాను. నా సంచిలో రెండు ఛార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, పంక్చరు పెట్టె, రెండు ట్యూబులు ఉన్నాయి. గ్లూకోజు పొట్లం లేదు. లాడ్జి కాపలాదారు టీకోసం దాచుకున్న పంచదార అడిగి తెచ్చాను. మింగగలిగే స్థితిలో ఉన్నారు కనుక మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూసి, మళ్ళీ తాగించి, నాలుగు బిస్కట్లు తినిపించి తెల్లవార్లూ కూర్చున్నాను. ఈ మందు ప్రభావం చాలాసేపు ఉంటుంది, ఒకసారి పెరిగిన చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. ఆయన మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చేది.

పొద్దున ఆయన కుమార్తె ఫోను చేసింది. అన్నీ విని, “డాక్టరు గారూ, మీరు పక్కనే ఉన్నారు కదా?” అన్నది. అంతే అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది.

అందుకే నిష్ఠూరమైనా చెబుతున్నాను. బహుదిన సైకిలు యాత్రకు ప్రణాళిక మందుల డబ్బా ముందు పెట్టుకొని మొదలుపెట్టాలి. బ్యాటరీ లెక్క చివరి పని, అన్నిటికంటే తేలిక పని. బయలుదేరడానికి రెండు వారాల ముందే మీ వైద్యుడిని కలిసి, “రోజుకు మూడు నాలుగు గంటల చొప్పున నాలుగు రోజులు తొక్కబోతున్నాను, నా మందులలో ఏది మార్చాలి?” అని ఈ మాటలతోనే అడగండి. “వ్యాయామం చేయవచ్చా?” అని అడిగితే “చేయండి” అంటాడు, సంతకం పెడతాడు, పంపేస్తాడు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారికి మోతాదు తగ్గించవలసి రావచ్చు. మీ అంతట మీరు తగ్గించకండి. మూత్రం ఎక్కువగా పోయించే రక్తపోటు మాత్రలు వాడేవారికి ఎండలో నీరు, లవణాలు తగ్గి కళ్ళు తిరుగుతాయి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు వాడేవారికి చేతి గడియారం చూపే నాడి లెక్క పనికిరాదు. చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు కూడా ఆ మందు చాటున దాగిపోతాయి, చెమట ఒక్కటే మిగులుతుంది. వీరికి కొలత ఒకటే. తొక్కుతూ పక్కవారితో వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. మాట తెగుతున్నదంటే సాయం ఒక మెట్టు పెంచుకోవాలి. అందులో నామోషీ ఏమీ లేదు, ఆ మీట ఉన్నదే అందుకు.

కోనసీమలో మరొక చిక్కు కొబ్బరిబొండాం. అడుగడుగునా దొరుకుతుంది, ఆప్యాయంగా కొట్టిస్తారు. మూత్రపిండాల జబ్బు ఉండి, పొటాషియం పెంచే రక్తపోటు మందులు వాడేవారికి రోజుకు నాలుగైదు బొండాలు ప్రమాదం. గుండె లయ తప్పవచ్చు. అంబాజీపేట పొట్టిక్కలు మాత్రం ఎవరూ మానుకోనక్కరలేదు, వేళకు తింటే చాలు.

రక్తం పలచబడే మందులు వాడేవారికి హెల్మెట్టు లేనిదే యాత్ర లేదు. తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి పోవలసిందే. ఈ సైకిళ్ళు ఇరవై కిలోల పైమాటే, ఎక్కేటప్పుడు దిగేటప్పుడే పెద్దవారు పడతారు. సాయం ఆపివేసి ఎక్కండి. కొత్త సైకిలుతో నేరుగా కాలువ గట్టు మీదకు పోకండి, ఊళ్ళో నెలరోజులు తొక్కండి. పక్కన నీళ్ళున్న ఇరుకు గట్టు నేర్చుకునే చోటు కాదు.

బ్యాటరీ లెక్క అక్కరలేదని నేననడం లేదు. ఆ లెక్క కూడా శరీరం కోసమే వేయాలంటున్నాను. దారిలో ఛార్జింగు అయిపోతే యువకుడికి చిరాకు, గుండెజబ్బు ఉన్నవాడికి గండం. అంతవరకు సాయంతో తేలిగ్గా తొక్కినవాడు ఒక్కసారిగా ఆ బరువును ఎదురుగాలిలో వంతెన మీదకు నెట్టాలి. ఆ మిగులు పావువంతు మీ గుండెకు రాసిపెట్టిన వాటా. అలాగే రాత్రి ఛార్జింగును గది గుమ్మం దగ్గర పెట్టకండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే బయటికి పోయే దారి అదొక్కటే. ఉబ్బిన బ్యాటరీని, వేరే సైకిలు ఛార్జరును దగ్గరకు రానీయకండి. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో విమానంలో సైకిలు తెచ్చుకుందామనుకునేవారికి ఒక మాట: 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కనీయరు. ఈ సైకిళ్ళవి సాధారణంగా అంతకు రెట్టింపు ఉంటాయి.

కొద్ది వారాలుగా ఛాతీనొప్పి వస్తున్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, మధుమేహంతో కంటిలోపల రక్తస్రావం అయినవారు ముందు వైద్యం చేయించుకోవాలి, యాత్ర తరువాత. మిగిలినవారిని “ఈ వయసులో సైకిలెందుకండీ?” అని వెనక్కి లాగే హక్కు మా వైద్యులకు లేదు. ఆ మాట అనడానికి ఒక్క నిమిషం చాలు, మందులు సరిచూసి పంపడానికి అరగంట పడుతుంది. మేము ఒక్క నిమిషాన్నే ఎంచుకుంటున్నాం.

మాస్టారు మానలేదు. ఒకరోజు రావులపాలెంలోనే విశ్రమించి, తన వైద్యునితో మాట్లాడి మాత్ర మార్పించుకొని, మూడోనాడు మళ్ళీ సైకిలెక్కారు. అంతర్వేదికి ఒకరోజు ఆలస్యంగా చేరాం. సాగరసంగమం దగ్గర ఇసుకలో సైకిలు నిలబెట్టి, ముందు గ్లూకోమీటరు తీసి చూసుకున్నారు. 132. ఆ తరువాతే సముద్రం వైపు చూశారు. ఈ జనవరిలో మళ్ళీ పోతున్నాం, ఈసారి ఏలేశ్వరం వైపు. ఆయన పంపిన సామాన్ల జాబితాలో మొదటి వరుసలో గ్లూకోజు పొట్లాలు ఆరు ఉన్నాయి, మూడు ఆయన సంచిలో, మూడు నా సంచిలో.