ఉమ్మడి సర్వర్‌లో సొంత డేటాబేస్

ఫిల్మ్ నగర్‌లోని ఒక గ్రాఫిక్స్ సంస్థలో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకరిని ఈ మధ్య కలిశాను. అక్కడ దృశ్యాల వివరాలన్నీ ఒకే ఉమ్మడి సర్వర్‌లో ఉంటాయి; రూట్ అధికారం నిర్వాహకునిది మాత్రమే. అయినా అతడు నిర్వాహకునికి చెప్పి, తన జట్టుకు కావలసిన డేటాబేస్‌ను తన హోమ్ డైరెక్టరీలోనే నెలకొల్పుకున్నాడు. "సినిమా విడుదల తేదీ ఎవరి కోసమూ ఆగదు సార్" అన్నాడు.

మన విశ్వవిద్యాలయాలలో పరిస్థితి వేరు. రూట్ అధికారం లేదన్న కారణంతో మూడు ఖరీఫ్‌ల క్షేత్రప్రయోగ దత్తాంశాన్ని ఎక్సెల్ ఫైళ్లలో, పెన్‌డ్రైవులలో మోస్తున్న పరిశోధక విద్యార్థులను ఏటా చూస్తున్నాను. అందులో ఒక్క వరుస జారినా రెప్లికేషన్లు తారుమారై విశ్లేషణ వ్యర్థమవుతుంది. ఈ నిరీక్షణ అనవసరమని నా అభిప్రాయం.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌నే తీసుకుందాం. దాని సర్వర్‌ను రూట్‌గా నడపబోతే అదే నిరాకరిస్తుంది. సాధారణ వినియోగదారుగా నడపడమే నియమం. మూలకోడ్‌ను కంపైల్ చేసేటప్పుడు హోమ్ డైరెక్టరీలోని ఒక ఫోల్డరును ప్రిఫిక్స్‌గా చూపితే చాలు. 5432 పోర్టుకూ ప్రత్యేక అధికారం అక్కరలేదు. లినక్స్‌లో సాధారణంగా 1024 కంటె తక్కువ పోర్టులకే ఆ నిబంధన. ఒక్కరే వాడే చిన్న ప్రయోగానికి ఇంత శ్రమ కూడా వద్దు, ఎస్‌క్యూలైట్ చాలు.

అసలు జాగ్రత్త మరొకచోట ఉన్నది. ఇనిట్‌డీబీ ఆదేశాన్ని ఏ అదనపు సూచనా లేకుండా నడిపితే, స్థానిక ప్రవేశానికి 'ట్రస్ట్' పద్ధతి అమలవుతుంది. అంటే ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా, సూపర్‌యూజర్‌గా సైతం, మీ డేటాబేస్‌లోకి ప్రవేశించగలరు. సొంత కంప్యూటర్‌లో ఇది ఇబ్బంది కాకపోవచ్చు. ఉమ్మడి సర్వర్‌లో మాత్రం కంచె లేని చేనే. కాబట్టి మొదటనే స్క్రామ్ పద్ధతిలో పాస్‌వర్డ్ విధించాలి. లోకల్‌హోస్ట్‌కే పరిమితమై ఉన్న అమరికను మార్చరాదు. సర్వర్ పునఃప్రారంభమైనప్పుడు మీ డేటాబేస్ దానంతటది లేవదు. అనుమతి ఉంటే క్రాన్‌లో రాసుకోవాలి.

మరొక చిక్కు. విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్లాక ఖాతా మూసివేస్తే దత్తాంశమూ దానితోపాటే పోతుంది. అందుకే వైవాకు ముందు పీజీ డంప్‌తో తీసిన ప్రతిని నాకు అప్పగించమని నా విద్యార్థులను కోరుతున్నాను. ఇద్దరు ఇంకా ఇవ్వలేదు.