తొందరపడితే మేలేనా?

మూత్రపిండాలు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. రోగి ప్రాణాపాయ స్థితిలో ఉన్నాడు. డయాలిసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఈ ప్రశ్న మీ తరగతిలో వేస్తే "వెంటనే, సార్!" అని అందరూ ఒక్కసారే అంటారు. ఆలస్యం అమృతం విషమని చిన్నప్పటినుంచి వింటున్నాం కదా! కాని ఈ విషయంలో ఆ జవాబు సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. మీరూ ఆలోచించి చూడండి.

డయాలిసిస్ సూత్రం మీరు పాఠంలో చదివిందే. సన్నని పొరకు ఒకవైపు రక్తం, రెండోవైపు లవణ ద్రావణం. రక్తంలో ఎక్కువగా ఉన్న యూరియా, పొటాషియం పొరగుండా ద్రావణంలోకి పోతాయి. రక్తకణాలు పెద్దవి కాబట్టి పోలేవు. 1943లో హాలెండులోని కాంపెన్ పట్టణంలో విలెమ్ కోల్ఫ్ అనే వైద్యుడు, మాంసపు వంటకాలకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టంతో ఈ యంత్రాన్ని తయారుచేశాడు. యుద్ధకాలంలో దొరికిన సరుకు అదే మరి! మొదటి రోగుల్లో చాలామంది దక్కలేదు. 1945లో 67 ఏళ్ల స్త్రీ ఒకామె బతికి బయటపడింది.

నేను చెబుతున్నది ఉద్దానంలో లాగా ఏళ్లతరబడి సాగే జబ్బు సంగతి కాదు. రక్తపింజర కాటువల్లనో, తీవ్రమైన ఇన్ఫెక్షన్ వల్లనో గంటల్లో, రోజుల్లో దెబ్బతినే మూత్రపిండాల సంగతి. ఇవి చాలాసార్లు తమంతట తామే కోలుకుంటాయి. దెబ్బతిన్న నాళికల్లో కొత్త కణాలు పుట్టుకొస్తాయి. (పాము కరిస్తే ఆసుపత్రికి వెళ్లడంలో మాత్రం క్షణం ఆలస్యం పనికిరాదు సుమా!)

పూర్వం కొందరు వైద్యులు పాత రికార్డులు తిరగేసి, తొందరగా డయాలిసిస్ చేసినవారే ఎక్కువగా బతికారని చెప్పారు. ఇందులో ఒక చిక్కుంది. జలుబు చేసిన మొదటిరోజే కషాయం తాగినవారిని, పదిరోజులైనా తగ్గక అప్పుడు తాగినవారిని పోల్చి చూడండి. మొదటివారే త్వరగా బాగుపడతారు. అది కషాయం మహిమేనా? వారిలో చాలామందికి ఏమీ తాగకపోయినా తగ్గేదే. రెండో గుంపులో అలాంటివారు మిగలరు, ముందే బాగుపడి లెక్కలోంచి తప్పుకున్నారు. మూత్రపిండాల రోగుల విషయంలోనూ ఇదే జరగవచ్చు.

కాబట్టి చీటీలు వేసినట్టు రోగులను రెండు గుంపులు చేయాలి. ఒక గుంపుకు వెంటనే యంత్రం, రెండో గుంపుకు అవసరం కనబడినప్పుడే. 2016లో జర్మనీలో ఒకే ఆసుపత్రిలో 231 మందిపై చేసిన పరిశీలనలో తొందరే గెలిచింది. అదే సంవత్సరం ఫ్రాన్సులో 620 మందిపై జరిగిన పరిశీలన ఫలితం వచ్చింది. 60 రోజుల్లో చనిపోయినవారు వెంటనే చేసిన గుంపులో 48.5 శాతం, ఆగిన గుంపులో 49.7 శాతం. తేడా లేనట్టే. పైగా ఆగినవారిలో 49 శాతం మందికి డయాలిసిస్ చేయనే లేదు! 2020లో వెలువడిన పరిశీలన ఇంకా పెద్దది. 15 దేశాలు, సుమారు 3,000 మంది. 90 రోజుల్లో మరణాలు 43.9, 43.7 శాతం. బతికినవారిలో అప్పటికీ యంత్రంమీదే ఆధారపడినవారు మాత్రం తొందర గుంపులో 10.4 శాతం, ఆగిన గుంపులో 6 శాతం.

యంత్రం నడుస్తున్నప్పుడు రక్తపోటు పడిపోవచ్చు. అప్పుడు కోలుకుంటున్న మూత్రపిండానికి రక్తం చాలదు. మెడలోనో తొడలోనో పెద్ద సిరలోకి గొట్టం దించాలి. దానివల్ల రక్తస్రావం, ఇన్ఫెక్షన్ రావచ్చు. అవసరం లేని రోగికి ఈ కష్టమంతా ఎందుకు?

"ఇంకా మిషను పెట్టలేదేం?" అని ఆసుపత్రి వరండాలో బంధువులు డాక్టరుతో పోట్లాడుతుంటారు. వారి ఆదుర్దా నేను కాదనను. కాని ఆగడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. పొటాషియం ప్రమాదకరంగా పెరిగితే గుండె ఆగిపోతుంది. రక్తంలో ఆమ్లత మరీ ఎక్కువైనా, ఊపిరితిత్తుల్లో నీరుచేరి మందులకు లొంగకపోయినా వెంటనే డయాలిసిస్ చేయవలసిందే. ఆగడానికీ హద్దుంది. 2021లో ఫ్రాన్సులోనే కొందరు రోగుల విషయంలో మరింతకాలం ఆగి చూశారు. లాభం కనబడలేదు, మరణాలు పెరిగే సూచనలు కనిపించాయి. అందుకే డాక్టర్లు ఆ రోగి మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కొలిపిస్తూ, రక్తపరీక్షలు మళ్లీ మళ్లీ చేయిస్తూ ఉంటారు.